మూడో అంతస్తు రిజిస్టర్

ప్రైడ్ ఊరేగింపు జరిగిన ఆదివారం ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలకు మా అమ్మాయికి ఒక అబద్ధం చెప్పి ఇల్లు దాటాను. పాత ఆఫీసు మిత్రునికి ఒంట్లో బాగాలేదని, మెహిదీపట్నం వెళ్ళి చూసి వస్తానని అన్నాను. నా భార్య పోయి నాలుగేళ్ళయింది. అప్పటి నుంచి చందానగర్‌లో మా అమ్మాయి, అల్లుడు ఉండే ఫ్లాట్‌లోనే నా గది. ఆ గదిలో ఒక బీరువా నిండా నా డైరీలున్నాయి. ఏ రోజు ఎంత వర్షం పడింది, ఎవరింట పెళ్ళికి ఏ బస్సులో పోయాను, అన్నీ వాటిలో ఉంటాయి. నాకు మగవాళ్ళ మీదే మనసు పోతుందన్న సంగతి మాత్రం ఇరవయ్యో ఏట తెలిసినా, ఒక్క పేజీలోనూ రాయలేదు.

ఆ సంగతి తెలిసినవాడు లోకంలో ఒక్కడే. కూకట్‌పల్లిలో ట్యూషన్లు చెప్పుకునే యాభై ఏళ్ళ మనిషి, సొంతూరు భీమవరం వైపు. కిందటేడు మాలాంటివాళ్ళు ఏడు రంగుల జెండాలతో తీసిన ఆ ఊరేగింపును నేను ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడి చూస్తుంటే, పక్కకు వచ్చి, "బస్సు కోసమాండి, లేక మాకోసమా?" అని అడిగాడు. అట్లా పరిచయం. నన్ను గురువుగారూ అంటాడు.

ఊరేగింపు వారంలో బెంగళూరు నుంచీ విశాఖ నుంచీ మనుషులు వస్తారు, మనలాంటివాళ్ళు కలుసుకునే ఆవిరి స్నానాల గదులు కళకళలాడతాయి, ఒక్కసారి రండి అని పోరుపెట్టాడు. వాటి ముందు ఏ బోర్డూ ఉండదు, ఉన్నా పురుషులకు ఆవిరి స్నానం అని మాత్రమే ఉంటుంది. తెలిసినవాళ్ళకు తెలుసు. శుక్రవారం కొండాపూర్‌లో ఒకదానికి తీసుకుపోయాడు. కింది అంతస్తులో పిల్లల డాన్సు క్లాసు, మెట్ల మీద కూర్చున్న తల్లులు. ఐదో మెట్టు దగ్గర తిరిగి వచ్చేశాను. ఆదివారానిది రెండోది, మాదాపూర్‌లో, ఆఫీసుల మధ్య సందులో ఒక నాలుగంతస్తుల భవనం. ఆదివారం కనుక ఆఫీసులు మూసి ఉన్నాయి.

కింద బల్ల వేసుకుని సెక్యూరిటీ మనిషి కూర్చున్నాడు. నలభై ఐదేళ్ళుంటాయి, పాలమూరు యాస. నా ముందుకు రిజిస్టర్ జరిపాడు.

"జర సాఫ్‌గ రాయుండ్రి సార్. ఒక్కడు గూడ సక్కగ రాస్తలేడు."

ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు గది చూసినవాణ్ణి. గడులు గీసిన పుస్తకం ముందుకు వస్తే నా చెయ్యి నన్నడగదు. పేరు, ఎక్కడి నుంచి, ఫోన్ నంబరు, ఏ అంతస్తు, వచ్చిన సమయం. గడి దాటకుండా అన్నీ నింపి సంతకం పెట్టాను. అతను పుస్తకం తిప్పుకుని చూసి సంతోషపడ్డాడు.

"అందరు మీ లెక్క రాస్తే నాకు పరేషానే ఉండకపోతుండె. పొయ్యేటప్పుడు టైమ్ రాసి పోండ్రి సార్. రెండు గొట్టంగ నా డ్యూటీ దిగుతది. లోపల ఎవరెవరున్నరో వచ్చేటోనికి ఒప్పజెప్పాలె. టైమ్ రాయనోళ్ళకు ఫోన్ జేస్త."

తల ఊపి మెట్లెక్కాను.

పైన నేను భయపడినట్టేమీ లేదు. ఒక వరుస లాకర్లు, తెల్ల తువాళ్ళు, యూకలిప్టస్ నూనె వాసన, పొగమంచులో కూర్చున్నట్టు మనుషులు. కొందరి చెంపల మీద పొద్దున వేసుకున్న ఏడు రంగుల చారలు కరిగి గడ్డాల దాకా దిగాయి. ఇద్దరు చేతులు పట్టుకుని కూర్చుని ఆఫీసు మేనేజరును తిట్టుకుంటున్నారు. నా ఈడువాడు ఒకాయన జరిగి చోటిచ్చి, "కూసోండి, కూసోండి, ఇంకా వేడెక్కలేదు" అన్నాడు, పెళ్ళి పందిట్లో పిలిచినట్టు. నా జీవితంలో నలుగురు మగవాళ్ళ మధ్య నేను నేనుగా కూర్చున్నది అదే మొదటిసారి. గంటన్నర ఎట్లా గడిచిందో తెలియదు. గడియారం లాకర్లో ఉంది.

వెనకాల వస్తానన్న నా స్నేహితుడు తువాలు భుజాన వేసుకుని అప్పటికి పక్కన చేరాడు.

"గురువుగారూ, కింద ఆ సెక్యూరిటీ అతను మీ చేతిరాతను నాకు చూపించి మరీ మెచ్చుకున్నాడండి. కొంపదీసి అసలు పేరు రాశారా?"

"మరి?"

"ఇదేమన్నా పెన్షన్ ఆఫీసాండీ? ఆ పుస్తకంలో దేవుళ్ళ పేర్లు తప్ప మనుషుల పేర్లుండవు. నేనైతే మా ఇంటి ఓనరు పేరు రాస్తాను. పోనీ, నంబరైనా తప్పు రాశారా?"

"నంబరు నాది కాదులే" అన్నాను, కొంత ధీమాగానే.

ఆ మాట నోట్లోంచి వచ్చాక అర్థమైంది. నా ఫోన్ నంబరు నాకు కంఠతా రాదు. నా భార్య పోయిన దగ్గర నుంచి గ్యాస్‌కు, బ్యాంకుకు, దవాఖానకు, ఎక్కడ ఏ కాగితం నింపినా నేను రాసేది ఒకటే నంబరు. మా అమ్మాయిది.

"టైమెంత?" అన్నాను.

తలుపు దగ్గరున్న ఒకతను గోడ గడియారం చూసి చెప్పాడు. రెండవటానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది.

లాకరు తాళంచెవి రబ్బరు బ్యాండుతో మణికట్టుకు కట్టి ఉంది. తడి చేతులతో అది తిరగలేదు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి నా స్నేహితుడు తీశాడు. తడి ఒంటికి బనీను అంటుకుపోయి పైకి రాలేదు. దాన్ని జేబులో కుక్కి చొక్కా వేసుకున్నాను. గుండీలు ఒకటి పైకి ఒకటి కిందికి పడ్డాయి. ఆదివారమని లిఫ్ట్ ఆపేశారు. మూడంతస్తుల మెట్లు పక్క కమ్మీ పట్టుకుని దిగాను. చివరి మలుపులో ఉండగానే కింద అతని గొంతు వినబడింది.

"ఇది స్విచ్చాఫ్." కాసేపాగి, "ఇది అసలు లేనే లేదంట. థూ, ఏం మనుషులురా నాయన." రిజిస్టర్ మీద అతని వేలు ఇంకో వరుసకు జారింది.

"ఆగు," అన్నాను, "వచ్చిన, వచ్చిన."

"ఆ, మీదే సార్. గిదొక్కటే మోగుతుంది."

"కట్ చెయ్యి."

చేశాడు. నేను బల్ల పట్టుకుని నిలబడి, వెళ్ళిన సమయం గడిలో ఒంటిగంట యాభై ఆరు అని రాశాను. అక్షరాలు వంకర పోయాయి. ఆ తరువాత అడిగాను.

"ఈ నంబరు కొట్టేసి వేరేది రాస్తా."

"కొట్టివేతలుంటే సూపర్‌వైజర్ ఒప్పుకోడు సార్. మీకు తెల్వదా?"

నాకు తెలుసు. ముప్పై నాలుగేళ్ళు ఎంతమందికి ఆ మాట చెప్పి వెనక్కి పంపానో లెక్కలేదు. బతిమాలేవాళ్ళ ముఖాలు ఎట్లా ఉంటాయో ఎన్నడూ తలెత్తి చూడలేదు. ఇంకో మాట అనబోతుండగా బల్ల మీది ఫోన్ మోగింది. మిస్డ్ కాల్ చూసి మా అమ్మాయి తిరిగి చేసింది. నేను చెయ్యి చాచేలోగా అతను ఎత్తాడు.

"ఆ మేడమ్, మాదాపూర్ స్టీమ్ బాత్ కాడికెల్లి." పుస్తకం చూసి నా పేరు చదివాడు. "మీ నాన్ననా? ఏం లేదు, ఫికర్ జెయ్యకుండ్రి, సార్ మంచిగనే ఉన్నడు. గీడనే ఉన్నడు, ఇస్త."

నా స్నేహితుడు అప్పుడే దిగి వచ్చాడు, తల తుడుచుకోలేదు. నా చెవి దగ్గర, "మోకాళ్ళనెయ్యండి గురువుగారూ, మోకాళ్ళ నొప్పులని" అన్నాడు.

"నాన్నా?" అంది మా అమ్మాయి. "మెహిదీపట్నం పోతున్న అన్నవు గద. స్టీమ్ బాతేంది?"

"ఈడికి వచ్చిన బిడ్డా."

వెనక కుక్కరు కూత పెట్టింది. దాన్ని ఆపినట్టుంది, తరువాత నెమ్మదిగా అడిగింది. "మోకాళ్ళకా?"

ఆమె కూడా అదే మాట అందించింది. అవునంటే చాలు. అవునంటే రేపే డాక్టరు దగ్గర పేరు రాయిస్తుందని తెలుసు. ఎక్స్‌రే తీయిస్తుంది, వారం వారం నొప్పి ఎట్లుందని అడుగుతుంది, వారం వారం నేను కుంటాలి.

"మోకాళ్ళకు కాదు," అన్నాను. "ఇంటికొచ్చి చెప్త."

ఆమె ఆ ఉదయమే ఊరేగింపు వార్త ఫోన్‌లో చూసిందో, స్టీమ్ బాత్ గురించి ఎవరో అనగా విన్నదో నాకు తెలియదు. "సరే, రా" అని పెట్టేసింది.

"తప్పు జేసిన్నా సార్?" అన్నాడు సెక్యూరిటీ మనిషి.

"లేదు. నీ పని నువ్వు చేసినవ్."

కొత్తగూడ దగ్గర ఆటో ఇరవై నిమిషాలు కదలలేదు. మదీనాగూడ దాటేలోపు చెప్పవలసిన వాక్యాన్ని పది రకాలుగా కూర్చుకున్నాను. ఏ రకంగా చెప్పినా చివర గది ఖాళీ చేయటం దగ్గరే ఆగాను. మూడు ఇరవైకి తలుపు కొట్టాను. అల్లుడు మనవణ్ణి ఈతకు తీసుకుపోయాడట. అమ్మాయి బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. నా చొక్కా గుండీలు చూసింది.

కూర్చోకుండానే చెప్పాను. కూర్చిన వాక్యాల్లో ఒక్కటీ రాలేదు. "నాకు మగవాళ్ళంటేనే... చిన్నప్పటి నుంచి అంతే" అని ఆగిపోయాను.

ఆమె చాలాసేపు బల్ల మీది గుడ్డను మడత పెట్టింది, విప్పింది.

"అమ్మకు తెలుసా?"

"తెల్వదు."

"ఒక్కనాడన్న చెప్పాలనిపియ్యలేదా?"

"రోజూ అనిపించింది."

అప్పుడు ఏడ్చింది. నా కోసం కాదు, వాళ్ళమ్మ కోసమే ఏడ్చిందని అనుకుంటాను, అందులో తప్పు పట్టటానికి నాకేమీ లేదు. తరువాత లేచి ముఖం కడుక్కుని వచ్చి నా ముందు కంచం పెట్టింది.

"మీ అల్లునికి నేను జెప్ప. చెప్పాలనుకుంటే నువ్వే చెప్పుకో," అంది. "ఎక్కడికి పోతున్నవని అడగ. నాకు తెల్వకున్నా మంచిదే. కానీ ఎవడో సెక్యూరిటీ ఆయన ఫోన్ ఎత్తి మీ నాన్ననా అంటే, సచ్చిపోయినవేమో అనుకున్న ఒక నిమిషం. గట్ల మల్ల చెయ్యకు."

అన్నం కలుపుకున్నాను. ఆమె ఎదురుగా కూర్చుంది గానీ నా ముఖం చూడలేదు. సాయంత్రం అల్లుడు మనవణ్ణి తీసుకుని వచ్చాడు. చెప్పులు విడుస్తూ, "మామయ్యా, మీ ఫ్రెండ్‌కు ఎట్లుంది?" అని అడిగాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.