మైపాడు పాకలో నిలబడి చేసిన ప్రార్థన

భోజనానికి ముందు ప్రార్థన చేసి ఒక పాకను మొత్తం ఖాళీ చేయించిన మనిషిని నేను. అంతటితో ఆగినా బాగుండేది. వారం తిరగ్గానే అదే ప్రార్థన సాక్షుల ముందు రెండోసారి కూడా చేశాను. దాని వల్ల మా సంఘంలో ఏం కూలిందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం అప్పుడు నవ్వు రాలేదు.

బైబిలు బడి ముగించి నెల్లూరు వచ్చిన కొత్త. మా సంఘానికి ఒక ఉపదేశి కావలసి వచ్చింది. ఆ పని దొరికితే వాక్యం చెప్పుకుంటూ బతుకుతాను. దొరక్కపోతే మా మామ బియ్యం మిల్లులో తవుడు దులుపుకుంటూ బతుకుతాను. తేల్చవలసినవారు ఇద్దరు. ఒకరు పాస్టరు అయ్యగారు, మెత్తని మనిషి. రెండోవారు సంఘ పెద్ద దానియేలుగారు. ఆయన తాగుడు మీద ప్రసంగిస్తే ముందు వరసలో చంటిపిల్లలు కూడా పాల సీసా పక్కన పెట్టేవారు.

దానియేలుగారికి నా మీద ఒకటే అభ్యంతరం. "అబ్బాయికి వాక్యం వచ్చు, కాదనను. కానీ వాడి మాటకు ఎవరైనా కదిలినారా? ఒక్క ఆత్మ అయినా కదలాల గదా."

కదిలించాలని నిశ్చయించుకుని ఒక శనివారం సైకిలెక్కి మైపాడు పోయాను. సంచీ నిండా కరపత్రాలు. రేవులో జనం వాటిని ఎంతో సంతోషంగా తీసుకున్నారు. నెత్తళ్ల చేపలు పొట్లం కట్టడానికి ఆ కాగితం బాగా పనికొస్తుందట.

మధ్యాహ్నానికి కడుపులో పేగులు కీర్తనలు మొదలుపెట్టాయి. ఇసుకదిబ్బ దిగేచోట, సరుగుడు చెట్ల పక్కన, ఒక తాటాకు పాక కనిపించింది. లోపల పెనం మీద వంజరం ముక్కలు వేగుతున్నాయి. ఆ వాసన నన్ను చెవి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. పదిహేను మంది దాకా ముంతలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఒక పులిసిన వాసన కూడా ఉంది. దోసెల పిండి అనుకున్నాను. మీరు అలా అనుకోరు. కానీ అవి మద్యనిషేధం రోజులు. సర్కారు వద్దన్నాక ఇంకా ఎవరైనా తాగుతారా అని మనసారా నమ్మినవాణ్ణి, జిల్లాలో బహుశా నేనొక్కణ్ణే.

వాకిట్లో విరిగిన తెప్పదుంగ ఒకటి ఖాళీగా ఉంది. మంచి గాలి. "ఇక్కడ కూర్చోవచ్చా?" అన్నాను.

పాక నడిపే మస్తానమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "నువ్వు తాగవు గదా నాయనా?"

"ఛీ. జన్మలో ముట్టలేదు."

ఆ మాటకు పాకంతా సంతోషించింది. ఒకాయన లేచి తన తువ్వాలుతో దుంగ దులిపాడు కూడా.

"కూర్చో సామీ, కూర్చో. తాగనోడు దొరికేదే కష్టంగా ఉండాది."

"దారి బాగా కనపడతా ఉందా?" అన్నాడు ఇంకొకడు.

"చాలా బాగా కనపడుతోంది."

"అట్నే చూస్తా ఉండు."

ఎంత మంచి జనం, అతిథికి ప్రకృతి అందాలు కూడా చూపిస్తున్నారు అనుకున్నాను.

విస్తరాకులో అన్నం, పులుసు, రెండు వంజరం ముక్కలు వచ్చాయి. నాకు నేర్పిన పద్ధతి ప్రకారం లేచి నిలబడ్డాను. కళ్లు గట్టిగా మూసుకున్నాను. వండినవారిని, వలవేసినవారిని, వంజరాన్ని, వరసగా అందరినీ జ్ఞాపకం చేసుకున్నాను. మధ్యలో ఏదో గలగల వినిపించింది. సముద్రం అనుకున్నాను. "ఆమేన్" అని కళ్లు తెరిచాను.

పాకలో ఒక్కరూ లేరు. ముంతలన్నీ బోర్లా పడి ఉన్నాయి. ఇసుకలో తెల్లని నురగ ఇంకుతోంది. వెనక తడికకు కొత్తగా ఒక కంత పడింది. ఆ కంతలోంచి ఎవరివో రెండు కాళ్లు బయటికి పోతున్నాయి. మస్తానమ్మ ఒక పెద్ద కుండ మీద గంప బోర్లించి, దాని మీద కూర్చుని ఉంది.

"ఎంతమంది వస్తా ఉండారు?" అంది గుసగుసగా.

ఆమెకు ప్రభువు రెండో రాకడను గురించిన చింత పుట్టిందని నా ఒళ్లు పులకరించింది. "వచ్చేవాడు ఒక్కడే అక్కా."

"ఒక్కడికేనా ఇంత పరుగు?" అని లేచి వెళ్లి దారి చూసింది. దారిలో మేక తప్ప ఎవరూ లేరు. వెనక్కి వచ్చి నన్ను చాలాసేపు చూసింది. "నువ్వెందుకు లేచినావు?"

"ప్రార్థనకు."

"ప్రార్థనకు," అంది. నా విస్తట్లో మరో ముక్క వేసి, "తొందరగా తిని పో నాయనా," అంది.

మర్నాడు ఆరాధనలో సాక్ష్యం చెప్పాను. నా ప్రార్థనకు పదిహేనుమంది తాగుబోతులు, వాళ్లు తాగుబోతులని ఆ నురగ చూశాకే నాకు తెలిసిందిలెండి, మత్తు విడిచి పరుగెత్తారని చెప్పాను. సముద్రం చీలినట్టు తడిక చీలిందని కూడా చెప్పాను. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. దానియేలుగారు మాత్రం దగ్గారు.

"ఏ పాక?" అన్నారు.

"దిబ్బ దిగంగానే, సరుగుడు చెట్ల పక్కన."

ఆయన మళ్లీ దగ్గారు. అయ్యగారు మాత్రం లేచి, "వచ్చే శనివారం మనమందరం పోయి చూద్దాం," అన్నారు.

"నాకు నడుం నొప్పిగా ఉండాది అయ్యగారూ."

"కదలాలన్నది మీరే గదా పెద్దగారూ. రండి."

శనివారం పోయాము. దానియేలుగారు ఎండ అని తలకు తువ్వాలు చుట్టుకుని, ముక్కు దాకా దించుకుని, పాకలో ఒక మూలన కూర్చుని గోలీసోడా అడిగారు. దుంగ మీద ఒక ముసలాయన ఉన్నాడు. నన్ను చూసి నవ్వి, లేవకుండానే పక్కకు జరిగాడు. నేను అతని పక్కనే దుంగ మీద కూర్చున్నాను. విస్తళ్లు వచ్చాయి. అయ్యగారు నాకు తల ఊపారు. నా జీవితం ఈ ప్రార్థన మీద ఉంది. లేచి, కళ్లు మూసుకుని, పోయినసారి కంటే గట్టిగా మొదలుపెట్టాను.

వంజరం దాకా రాకముందే దబ్బున ఏదో పడింది. కళ్లు తెరిచాను.

పాకలో జనం ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. కొందరు మర్యాదగా తలలు కూడా వంచుకున్నారు. దానియేలుగారి చోటు ఒక్కటే ఖాళీగా ఉంది. ఆయన గోలీసోడాను ఇసుకలో పారబోసి, అంతకుముందే బాగుచేసిన కంతను మళ్లీ తెరిచి, సరుగుడు తోటలోకి పరుగెత్తుతున్నారు. నడుం నొప్పి ఉన్న మనిషి అంత వేగంగా పోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

అయ్యగారు మస్తానమ్మను అడిగారు. "ఆయనకేమైందమ్మా?"

"ఏంలేదు సామీ. ఆ దుంగ మీద కూర్చున్నోడు దారి కాపలా. వాడు లేస్తే పోలీసు వస్తా ఉన్నట్టు. పోయినవారం ఈ నాయన లేస్తే మావోళ్లంతా పడతా లేస్తా పరిగెత్తినారు. అందుకని అందరికీ చెప్పిపెట్టినాను. ఈయన లేస్తే మీరు లేవబాకండి, దేవుడితో మాట్లాడుకుంటాడు, అని. ఆ పెద్దాయన ఈ వారం రాలా. ఆయనకెట్ట చెప్పేది?"

కొంతసేపటికి దానియేలుగారు తిరిగి వచ్చారు. తువ్వాలు లేదు. తల నిండా సరుగుడు ఆకులు. "గాలికి అటు పోయినాను," అన్నారు.

అయ్యగారు చేప ముల్లు తీసుకుంటూ మెల్లగా అన్నారు. "ఒక్క ఆత్మ అయినా కదలాలన్నారు పెద్దగారూ. కదిలింది."

ఉపదేశి పని నాకే ఇచ్చారు. నా పేరు ప్రతిపాదించింది దానియేలుగారే. నన్ను సముద్రపు గాలి సోకని సంగం ఊరికి పంపాలన్నది కూడా ఆయనే. తర్వాత ఆయన ప్రసంగాలన్నీ ఓర్పు మీదికి మళ్లాయి. తాగుడు మీద చెప్పేవాళ్లు లేక ఆ పీఠం చాలాకాలం ఖాళీగా ఉండిపోయింది. నేను కూలదోసిందల్లా అదే.

ఇక నా ప్రమాణం. పరలోకం, భూలోకం వినుగాక. తెలియని పాకలో ఏ ఆసనం మీదా, దానికేం ఉద్యోగం ఉందో విచారించకుండా కూర్చోను. అన్నం ముందు ప్రార్థన కూర్చునే చేస్తాను. ఒకవేళ ఆత్మ నన్ను లేవమంటే, లేచే ముందు మా పెద్దలందరికీ స్వయంగా కబురు పంపుతాను.