ఎంగిలి నీళ్లు

మా మామగారు పోయారు. రెండు వారాల కిందట బుధవారం పొద్దున్నే ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఫోన్ చేసి, "అమ్మా, పెద్దాయన తొట్టి గట్టు మీద కూచోనుండాడు, పిలిస్తే పలకడం ల్యా" అన్నాడు. మంచం దిగొద్దని డాక్టరు చెప్పి మూడు రోజులు కాలేదు. వింటేగా! పోయినవాళ్ల మీద విసుక్కోకూడదంటారు. నాకు చేతకావడం లేదు.

బేతంచెర్లలో మాది బండలు కోసే ఫ్యాక్టరీ. ఆయనకూ ఆయన తమ్ముడికీ, అంటే మా చిన్నమామకూ, చెరి సగం. రంపం మీద నీళ్లు పడుతూనే ఉండాలి. అవీ ట్యాంకర్లో కొన్నవే. చుట్టుపక్కల ఫ్యాక్టరీలవాళ్లు వాడిన తెల్లటి బురదనీళ్లను రోడ్డు పక్కకు వదిలేస్తారు. మామగారు మాత్రం వరసగా మూడు తొట్లు కట్టించి, అందులో తేరిన నీళ్లనే మళ్లీ రంపానికి పెట్టించారు.

"ఎంగిలి నీళ్లతో బండ కోస్తారా అన్నా? నా సగానికి కొత్తనీళ్లు పెట్టు" అని చిన్నమామ గొడవ.

"బండకు ఎంగిలేందిరా? నీ సగం యాడుండాదో చూపించు, పెడతా."

కాపురానికొచ్చిన నాటి నుంచీ ఇదే వింటున్నాను.

తొట్ల అడుగున పేరుకున్న రాతిపిండితో ఇటుకలు చేస్తానన్నారు మామగారు. మొదట చేసిన వాటితో నా స్కూటీకే షెడ్డు కట్టించారు. తొలివానకే గోడ జావలా జారి స్కూటీ మీద పడింది. "సిమెంటు చాలలేదమ్మా" అన్నారు, నా మొహం చూడకుండా. పాళ్లు మార్చి మార్చి చేశారు. ఇంట్లో ఏ గిన్నె ముట్టుకున్నా తెల్లపిండే. ఇప్పుడు ఫ్యాక్టరీ ప్రహరీ అంతా ఆ ఇటుకలే, ఒప్పుకోవాలి.

మా ఆయనకు కర్నూల్లో ఉద్యోగం. అందుకని మామగారు తన వాటా నా పేరున రాసేశారు, నన్నడగకుండానే. "నీ నోటికైతే మీ చిన్నమామ భయపడతాడు" అని నవ్వారు.

దినం అయిన మర్నాడు చిన్నమామ నన్ను తొట్ల దగ్గరికి పిలిచారు. "పూడ్చేద్దామమ్మా. ఈ జాగాలో ఇంకో మిషన్ పడ్తాది. నువ్వూ పూడ్చమన్నదానివే గదా?"

నిజమే, ఎన్నిసార్లన్నానో!

ఆయన పోయినప్పటి నుంచీ మిషన్లు ఆగే ఉన్నాయి. మూడో తొట్టిలో నీళ్లు అడుగు కనపడేంత తేటగా ఉన్నాయి. నేనెన్నడూ అట్లా చూడలేదు. ఆయనా చూసి ఉండరు, పని ఆపితే కదా! ఒక్కసారి చూసిపోయుంటే బాగుండేదని ఏడుపొచ్చింది. వెంటనే ఆయన మీద కోపమూ వచ్చింది.

"పూడ్చేది లేదు చిన్నమామా. మిషన్లు వెయ్యమనండి."

చిన్నమామ నా మొహం చూసి లోపలికి కేకేశారు. రంపం అందుకుంది. మొదటి తొట్టిలోకి తెల్లనీళ్లు దిగాయి. కాసేపటికి రెండోది మసకబారింది. మూడోది తెల్లబడేదాకా ఇద్దరం గట్టు మీదే నిలబడ్డాం.