పెనుకొండ దాటినాక అడిగిన మాట

ఎనభైల్లో ఒక ఎండాకాలం, ధర్మవరం నుంచి హిందూపురం పోయే రైల్లో నా ఎదురుగా ఒక పడుచు పిల్లోడు కూర్చున్నాడు. నోరు మూయని రకం. వాళ్ల చర్చి జీతమూ గదీ ఇచ్చి పడుచు పిల్లోళ్లకి బైబిలు వాక్యం చెప్పే సేవ నేర్పిస్తాండాదంట. దాంతోపాటే బైబిలు కాలేజీ చదువు.

"జీతమిచ్చి నేర్పిస్తారా? మా పక్క నేర్చుకునేదానికే దుడ్లు కట్టల్ల," అన్నాను.

"ఆ పనే పోయేట్టుండాదక్కా. పిల్లోళ్లని ఒక మాట అడుగుతా. వాళ్లు నోరు తెరిచేలోపల నేనే వాక్యం చెప్పేస్తా. వాళ్లు రావడం మానేసినారు. ఈ నెల కూడా ఇట్లే అయితే ఇంటికి పొమ్మన్నాడు పాస్టరయ్య."

"అయితే నన్నడుగు. అడిగి గమ్మునుండు, చూద్దాం."

పెనుకొండ దాటినాక అడిగినాడు. "చిన్నప్పుడు నీకేం కావాలని ఉండె, అక్కా?"

అంతవరకు నన్నెవరూ అట్ల అడగలేదు. కిటికీ పక్క తిరిగి ఆలోచన చేసినాను. వాని పెదాలు వాక్యం చెప్పేదానికి కదులుతాండాయి. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

హిందూపురం వస్తాండంగా చెప్పినాను. "మూడో తరగతిలో బడి మాన్పించకపోతే టీచరమ్మ అయ్యుందును."

వాడు తువ్వాలు నోటికాడనే ఉంచుకోని లేసినాడు. నా మూట దించి ఇచ్చినాడు.

వాన్ని ఉంచుకున్నారో పంపించినారో తెలీదు. ఇప్పుడు మనవరాలు బడి నుంచి వస్తానే ఒక మాట అడుగుతాను. అడిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోని కూర్చుంటాను.