తలుపుకు పెట్టిన బొట్టు

సూర్యాపేటలోని మా ఇంటి తలుపు మీద వెలిసిపోయిన కుంకుమ బొట్టు ఒకటి ఉంది. ఆరేళ్ల కిందట కోదాడ నుంచి వచ్చి మా అక్క పెట్టింది. మొన్న రంగులు వేయించినప్పుడు ఆ చోట అరచేయంత మేర వదిలేయమన్నాను. రంగులేసే అతను నన్ను వింతగా చూశాడు. చూడనీ. సాక్ష్యం సాక్ష్యమే.

అక్క ఆ రోజు గృహప్రవేశానికి పిలవడానికి వచ్చింది. నేను ఇంట్లో లేను. తాళం వేసిన తలుపుకే బొట్టు పెట్టి, గొళ్ళేనికి కార్డు గుచ్చి వెళ్ళిపోయింది. మనిషికి బొట్టు పెడితేనే పిలుపు.

"తలుపును పిలిచింది, తలుపే పోతది" అన్నాను మా ఆయనతో.

"అయితే తలుపు విప్పి ఆటోల ఏస్కపోవాల్నా?" అని ఆయన ఒక్కడే వెళ్ళొచ్చాడు. అక్క కోసం కొన్న ఆకుపచ్చ చీర బీరువాలోనే ఉండిపోయింది.

ఈ మధ్య మా సర్కారు బడి టీచర్లకు మిర్యాలగూడలో ఇంగ్లీషు శిక్షణ పెట్టారు. నన్ను ఫ్యాన్ గాలి రాని మూల కూర్చోబెట్టారు, అదీ గుర్తుంది. మా కూతురి ఈడు అమ్మాయి పాఠం చెప్పింది. బోర్డు మీద మూడు గళ్ళు గీసి, ఇష్టం, కోరిక, పశ్చాత్తాపం, ఒక్కోదానికి సొంత బతుకులోంచి ఒక్కో వాక్యం ఇంగ్లీషులో రాయమంది.

కాఫీ కన్నా నాకు చాయ్ ఇష్టమని రాశాను. అక్క మొదటి కార్డు నాకిచ్చి ఉంటే బాగుండేదని కోరిక గడిలో రాశాను. ఆ కార్డు వేములపల్లిలో ఉండే తన ఆడబిడ్డకు ఇచ్చింది మరి. మూడో గడిలో, అక్క ఇంకాసేపు ఆగాల్సింది అని రాశాను.

ఆ అమ్మాయి చదివి, పక్కన కూర్చుంది. "ఇంగ్లీషు మంచిగనే ఉంది మేడమ్. కానీ గిది మీ అక్క బాధపడాల్సింది కద? మీదేది?"

"నాకేం లేదు."

"లేకుంటే ఖాళీ పెట్టుండ్రి. పర్లే."

మూడో గడిలో రాసింది కొట్టేశాను. ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోజు మూడింటికి పై వాటా ఆమె బడికి ఫోన్ చేసింది. "టీచరమ్మా, మీ అక్కొచ్చి మెట్ల మీద కూసున్నది. జర జల్ది రా." పనుందన్నాను. ఏ పనీ లేదు. మొదటి కార్డు సంగతి అప్పటికే తెలుసు. నిండిన రిజిస్టర్లనే ఐదు దాకా తిరగేశాను. అక్క కూడా ఐదు దాకా చూసి వెళ్ళిందని పై వాటా ఆమె తర్వాత చెప్పింది.

ఆ రోజు నేను ఇంటికి పోవాల్సింది అని రాశాను.

శిక్షణ ఆఖరి రోజు చీర సంచిలో పెట్టుకెళ్ళి, సాయంత్రం కోదాడ బస్సెక్కాను. అక్కే తలుపు తీసింది. జుట్టంతా తెల్లబడింది.

"నువ్వొచ్చావేంటే? మీ తలుపు రాలేదా?"

మా ఆయన ఆ మాట కూడా మోశాడన్నమాట. అదీ గుర్తుపెట్టుకున్నాను.

గడప దాటకుండానే చెప్పేశాను. "అక్కా, నువ్వు మెట్ల మీద కూసున్నవని ఆ రోజు నాకెర్కే. కావాల్నే రాలే."

"తెలుసులేవే. ఆవిడ నా ముందరే కదా ఫోన్ చేసింది."

ఆరేళ్లు తెలిసి ఒక్కరికీ చెప్పలేదు. నేనైతే ఊరంతా చెప్పేదాన్ని.

"మరి రెండు గంటలు ఎందుకు కూసున్నవ్?"

"చిన్నప్పుడు నీ అలక అంతసేపే ఉండేదిగా. దిగుతుందేమోనని చూశా."

సంచిలోంచి చీర తీసి చేతిలో పెట్టాను. అక్క దాన్ని విప్పి చూసి, మడతల దగ్గర వెలిసిందని రెండుసార్లు అంది. అంటూనే భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడింది. వచ్చేటప్పుడు నా నుదుట బొట్టు గట్టిగా అదిమి పెట్టి, "తలుపు మీది తుడిచెయ్యి ఇక" అంది.

ఇంటికొచ్చి తడిగుడ్డ తీసుకున్నాను గానీ తుడవబుద్ధి కాలేదు. మెట్ల మీద కూర్చుని దాన్ని చాలాసేపు చూశాను. అయినా మొదటి కార్డు వేములపల్లికి ఎందుకిచ్చిందో, ఆ మాట మాత్రం అక్క ఇంకా చెప్పలేదు.