హన్మంతప్పకు నేను రాసిన అయిదు మెమోలు

2018లో తాండూరు పక్కన ఒక బండల ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీస్ క్లర్కుగా ఉన్నాను. టైమ్ ఆఫీస్ అంటే కార్మికుల హాజరు, సెలవులు, మెమోలు చూసే గది. గనుల నుంచి వచ్చిన నాపరాళ్లను కోసి, అంచులు సరిచేసి, పాలిష్ పట్టి లారీలకెక్కించడం కార్మికుల పని. వాళ్లు ఏం చేశారో, ఏం చేయలేదో ఇంగ్లీషులో రాయడం నా పని.

నాకు ఇంగ్లీషు పిచ్చి. పరిగిలో తెలుగు మీడియం చదివి, వికారాబాద్‌లో టైపు నేర్చుకున్నవాణ్ణి. మా టైపు మాస్టారు, ఉత్తరంలో వాడిన మాటే మళ్లీ వాడితే కాగితం చింపి చేతిలో పెట్టేవారు. అప్పట్నుంచి ఒక్కో అర్థానికి ఎన్ని మాటలు దొరికితే అన్నీ నోటుబుక్కులో ఎక్కించుకోవడం అలవాటైంది. ఫ్యాక్టరీలో చేరాక బాగా నలిగిన పేజీ 'స్లో' అన్నది. సూపర్‌వైజర్లు తెచ్చే ఫిర్యాదుల్లో సగం అదే మరి. తెలుగులో వెనకబడటం, నాన్చడం, తాత్సారం చేయడం ఉన్నట్టే అక్కడ ల్యాగ్, డాడిల్, లాయిటర్, స్లాకెన్. మా మేనేజర్ నా మెమోలు పక్కవాళ్లకు చూపించి "మనవాడి డ్రాఫ్టింగ్ చూడండి" అనేవారు. ఆ పూట నేను నేలమీద నడిచేవాణ్ణి కాదు.

ఆ ఏడు వానలు మొదలయ్యే రోజుల్లో షిఫ్ట్ సూపర్‌వైజర్ యాదగిరి వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డాడు.

"సార్, హన్మంతప్ప మస్తు స్లో అయిండు. ఒక మెమో రాయుండ్రి."

హన్మంతప్పది బషీరాబాద్ అవతల, కర్ణాటక హద్దులో ఉన్న ఊరు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. అంచులు కోసే మిషన్ మీద పదహారేళ్ల సర్వీసు. షిఫ్టులో మిగతావాళ్లు చేసేన్ని బండలు ఆయన చేయలేకపోతున్నాడు. విషయం అంతే. 'ల్యాగింగ్ బిహైండ్' అని రాశాను, వెనకబడుతున్నావు అని. సంతకానికి వచ్చాడు.

"ఏం రాసిన్రు సారూ ఇండ్ల?"

"ఏం లేదు. జర స్లో ఉన్నవంట. తొందరగ చెయ్యమని."

"చేస్త సారూ. జర ఆయాసమొస్తున్నది," అంటూ సంతకం పెట్టాడు. నేను ఆ మాట విన్నాను. విని, మెమో ఫైల్లో పెట్టుకున్నాను.

మర్నెల యాదగిరి మళ్లీ వచ్చాడు. ఈసారి ఏమని అడిగితే "గదే సార్, స్లో" అన్నాడు. గదే అయితే ఏం, రాసిన మాటే మళ్లీ రాస్తే నా పరువేం కావాలి? 'డాడ్లింగ్' అని పెట్టాను. కావాలని కాలం గడపడం. మూడో నెల 'లాయిటరింగ్', అంటే పని వదిలి అక్కడా ఇక్కడా తచ్చాడటం. ఆయన ఎక్కడా తచ్చాడలేదు. మాట బాగుందని రాశాను. నాలుగోది 'స్లాకెనింగ్', పట్టు సడలించడం. అయిదోసారికి నా నోటుబుక్కు ఖాళీ అయింది. పేపర్లో ఎప్పుడో కంటపడ్డ చిన్న మాట గుర్తొచ్చింది, 'గో-స్లో' అని. తేలిగ్గా ఉంది కదా అని పెట్టేశాను. ప్రతి నెలా హన్మంతప్ప అదే అడిగాడు, నేను అదే చెప్పాను. ప్రతి నెలా సంతకం పెట్టాడు.

అయిదు మెమోలయ్యాక మేనేజర్ డొమెస్టిక్ ఎంక్వైరీ వేశారు. అంటే ఫ్యాక్టరీ తనంతట తాను జరిపే విచారణ. దానికి ముందురోజు హన్మంతప్ప నా గదికి వచ్చాడు. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుందని కార్మికుల బీమా ఆసుపత్రిలో చెప్పారట, వైద్యం మొదలుపెట్టారట.

"కార్డు ఉన్నదాంక వైద్యం నడుస్తది సారూ. నౌకరి వోతే కార్డు వోతది. జర చూడుండ్రి."

చూస్తానన్నాను.

విచారణకు హైదరాబాద్ నుంచి ఒక వకీలు వచ్చాడు. అయిదు మెమోలూ వరసగా పేర్చి, పక్కన స్టాండింగ్ ఆర్డర్స్ తెరిచాడు. కార్మికులకు వర్తించే నియమాల పుస్తకం అది. ఒక కాపీ నా సొరుగులోనే ఉండేది, ఎన్నడూ తెరిచిన పాపాన పోలేదు. శరీరం సహకరించక పని తగ్గితే అందులో నేరం కాదు. పనివేళలో తిరగడం నేరం. గో-స్లో అన్నిటికన్నా పెద్ద నేరం. సమ్మెకు దిగకుండానే యాజమాన్యాన్ని దెబ్బకొట్టడానికి కావాలని పని మందగించడాన్ని అలా అంటారట. ఆ సంగతి నాకు ఆ గదిలోనే తెలిసింది.

"నెలనెలా తప్పు పెరుగుతూ వచ్చింది. ఒకటి కాదు, అయిదు రకాలు," అన్నాడు వకీలు. "సంతకాలన్నీ నీవేనా?"

హన్మంతప్ప నావైపు తిరిగాడు. "అన్నిట్ల ఒక్కటే ఉన్నదని చెప్పిన్రు గద సారూ, స్లో ఉన్నవని. జర వాళ్లకు చెప్పుండ్రి."

నేను వాంగ్మూలం రాసుకుంటూ కూర్చున్నాను. ఒక్క వాక్యం అంటే సరిపోయేది. ఫిర్యాదు ఒక్కటే, మాటలు మాత్రం నావి అని. ఉద్యోగం పోతుందన్న భయం కూడా కాదు నాది. అంత గొప్ప డ్రాఫ్టింగ్ మనిషికి గో-స్లో అంటే ఏమిటో తెలియదని నలుగురి ముందూ బయటపడుతుందని సిగ్గు. తల దించుకుని, సంతకాలు తనవేనని కార్మికుడు ఒప్పుకున్నాడు అని రాసుకున్నాను. ఇప్పటికీ తలచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

హన్మంతప్పను డిస్మిస్ చేశారు. ఆ ఆర్డరూ నేనే టైపు చేశాను.

నెల తిరక్కుండా, భార్య శాంతమ్మ చెయ్యి పట్టుకుని గేటు దగ్గరకు వచ్చాడు. సగానికి సగం అయిపోయాడు. కార్డు లేక పెద్దాసుపత్రి మానేసి, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంటున్నాడట.

"హెడ్డాఫీసుకు అర్జీ పెట్టుకోవచ్చంట సారూ. మీ ఇంగ్లీషు మంచిగుంటదంటరు. జర రాసియ్యుండ్రి."

ఇక తట్టుకోలేకపోయాను. ఆ మాటలన్నీ నా సోకు కోసం మార్చి మార్చి రాశానని, నోరు తెరవాల్సిన చోట తెరవలేదని చెప్పేశాను. ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"మీరు ఎట్ల రాసినా, నేను స్లో అయింది నిజమే గద సారూ," అన్నాడు. తిట్టినా బాగుండేది.

అర్జీ రాసిచ్చాను. అయిదు మెమోల్లోనూ ఉన్నది ఒకే ఫిర్యాదని, పని తగ్గింది జబ్బువల్లేనని. కింద ఆయన సంతకమే ఉంది. ఆ మాటలు రాసింది నేనేనని నా పేరుతో ఇంకో కాగితం జతచేయడానికి అప్పుడూ ధైర్యం చాలలేదు.

హెడ్డాఫీసు ఆ అర్జీని మళ్లీ మా ఫ్యాక్టరీకే పంపింది. మేనేజర్ దాన్ని నా టేబుల్ మీద పెట్టి, పరిశీలనలో ఉందని జవాబు కొట్టమన్నారు. నేను రాసిన అర్జీకి నేనే జవాబు కొట్టాను. రెండు నెలలకు శాంతమ్మ మరో కాగితం రాయించి పంపింది. దానికి, జాప్యానికి చింతిస్తున్నామని హన్మంతప్ప పేరనే జవాబు కొట్టాను. బండలు తగ్గితే మెమో ఉంటుంది. ఆఫీసు నెలలకు నెలలు తాత్సారం చేస్తే చింతిస్తున్నాం అంటే సరిపోతుంది.

ఆ రెండో ఉత్తరం తిరిగొచ్చింది. కవరు మీద పోస్ట్‌మ్యాన్ ఎర్ర సిరాతో రాశాడు, చిరునామాదారు చనిపోయారు అని.

ఆ ఆదివారం వాళ్ల ఊరెళ్లాను. శాంతమ్మ ఏడవలేదు. పీట వేసి, నీళ్లిచ్చి, "పోయే ముందురోజు గుడ అడిగిండు సారూ, కంపెనీ కాయితం వచ్చిందా అని," అంది. ఆ కాగితం నా జేబులోనే ఉంది. తీసి ఇవ్వలేకపోయాను.

తర్వాత నేను ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడు వికారాబాద్‌లో వేరే ఆఫీసులో ఇదే పని చేస్తున్నాను. ఎవరిమీద ఫిర్యాదు వచ్చినా, కాగితం ముట్టుకోకముందే ఆ మనిషి పనిచేసే చోటికి వెళ్లి, ఎందుకు వెనకబడ్డావని అడుగుతాను. ఆ కేసు నాకు నేర్పింది ఇదే. దానివల్ల హన్మంతప్పకు ఒరిగిందేమీ లేదు.

నా గదికీ అంచులు కోసే షెడ్డుకూ మధ్య నూరు అడుగులు కూడా ఉండవు. రెండు బండలకోసారి ఆయన గోడ పట్టుకుని నిలబడేవాడని యాదగిరి చాలా రోజుల తర్వాత చెప్పాడు. ఆ అయిదు నెలల్లో ఒక్కసారి లేచి వెళ్లినా కళ్లారా చూసేవాణ్ణి. చొక్కాకు దుమ్మవుతుందని నేను వెళ్లలేదు.