పంచదార వేయని లడ్డు

2016 నాటికి ఈ పరాయి దేశంలో, శాండ్రింగ్‌హామ్ అనే పేటలో మా అబ్బాయి కిరాణా కొట్టు పెట్టి ఆరేళ్లు. ఎండు పండ్లు తూచి ప్యాక్ చేసి అమ్మడం నా పని. మూడో తరగతితో బడి మానేసిన దాన్నే అయినా, బుట్ట చూసి ఎవరిది ఏ డైటో చెప్పేదాన్ని. వీగన్ వాళ్లు, అంటే పాలూ తేనే కూడా ముట్టనివాళ్లు, తీపికి ఖర్జూరం కొనేవారు. పేలియో అని ధాన్యం, పప్పు మానేసినవాళ్లు అంజీర అడిగేవారు. ఏకాదశి ఉపవాసాలకు కిస్‌మిస్. అన్నం, తీపి దాదాపు మానేసే కీటో వాళ్లు మాత్రం బాదం, వాల్‌నట్ పట్టుకెళ్లేవారు. ఎండు పండ్ల వైపు చూసేవారు కారు.

నలిగిన ఖర్జూరాలను పారేయడం నాకు చేతకాదు. గింజ తీసి, బాదం పలుకులతో దంచి లడ్డూలు కట్టేదాన్ని. చెంచాడు పంచదార కూడా వేయలేదు, ఆ మాట రాయమంటే కోడలు ప్యాకెట్ మీద ‘నో షుగర్’ అని రాసింది. బాగా పోయేవి.

అందరికన్నా ఎక్కువ కొన్నది రమణ. గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే సిటీ బస్సు నడుపుతున్నాడు. షుగర్ వచ్చిందని కీటో పట్టాడు. లడ్డూలు ఇంట్లో పిల్లలకేమో అనుకున్నాను. అడగలేదు.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం మొహం వేలాడేసుకుని వచ్చాడు. మూడు నెలలైనా షుగర్ దిగలేదట. ఈసారి టెస్టులోనూ ఇంతే ఉంటే ఇన్సులిన్ అన్నారట. అది మొదలుపెడితే బస్సు లైసెన్సుకు చిక్కు వస్తుందని అతని భయం. మూడు రోజులు తిన్నదంతా రాసుకురమ్మని నర్సు చెప్పిందట. ఏం రాశావో చదవమన్నాను. గుడ్లు, చికెన్, పెరుగు, కాలీఫ్లవర్. అన్నం మెతుకు లేదు.

“మరి నా లడ్డూలు ఎవరు తింటున్నారు?”

“నేనే ఆంటీ. బ్రేక్‌లో ఆకలేస్తే అవే, రోజుకి ఐదో ఆరో. షుగర్ లేదుగా, అందుకే రాయలేదు.”

అతని కోసం తీసిన రెండు ప్యాకెట్లు నా చేతిలోనే ఉన్నాయి. పంచదార వేయని మాట నిజమే. నోరు మూసుకుంటే అవీ అమ్ముడుపోయేవి. వెనక్కి పెట్టేశాను.

“పండు ఎండితే పోయేది నీళ్లు నాయనా, తీపి కాదు. అందులో ముప్పాతిక ఖర్జూరమే. అడగకుండా అమ్మాను, తప్పు నాది.”

రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మూడు నెలలు అన్నం మానేశానాంటీ.”

అతను గొంతు పెంచి ఉంటే బాగుండేది. పెంచలేదు. లడ్డూలు కూడా రాసి నర్సుకు చూపించమని, మిగతాది ఆవిడ చెప్పినట్టు వినమని కసిరి పంపాను. ఆ కసురు నా మీదే.

ఆ సాయంత్రమే కోడలి చేత లేబుళ్లు మార్పించి, పైనే ఖర్జూరం అని పెద్దగా రాయించాను. అమ్మకం సగానికి పడింది. అబ్బాయి గొణిగాడు. గొణగనిచ్చాను.

మళ్లీ మూడు నెలలకు రమణ వచ్చాడు. హెచ్‌బిఎ1సి, అంటే గడచిన రెండు మూడు నెలల్లో షుగర్ ఎలా ఉందో చెప్పే రక్త పరీక్ష, బాగా దిగిందట. ఇన్సులిన్ మాట ఎత్తలేదట. రోజుకు ఒక చిన్న కప్పు అన్నం కొలుచుకుని తినొచ్చని నర్సు చెప్పిందంటూ పెళ్లికొడుకులా నవ్వాడు. సోనామసూరి చిన్న సంచి ఒకటి భుజాన వేసుకుని వెళ్లాడు.

అప్పటినుంచి ఎండు పండు తూచేముందు డైట్ పేరు కాదు, ఎవరు తింటారు, రోజుకు ఎన్ని తింటారు అని అడుగుతున్నాను. కొందరికి విసుగు. విసుక్కోనీ. వేయనిదేదో చెప్పుకోవడం అమ్మేవాళ్లకు తేలికే. కొన్నవాళ్లు తినేది మాత్రం మనం వేసినదాన్ని.