మామా అన్నందుకు తొమ్మిది మార్కులు

“నువ్వు మనోడేనా?”

మునిసిపల్ ఆఫీసు వరండాలో రత్నసభాపతిని ఈ మాట అడిగింది రిటైర్డ్ ప్రొఫెసర్ రంగనాథన్. పేరు అడగలేదు, పని అడగలేదు. రత్నసభాపతి ఫోన్లో భార్యతో తెలుగులో మాట్లాడుతుంటే విని, చెవులు నిక్కించుకుని వచ్చి సూటిగా అడిగేశాడు.

కోయంబత్తూరు తెలుగువాళ్ళకు ఈ ప్రశ్నంటే ఉన్న మోజు ఇంతా అంతా కాదు. బడి తమిళం, వ్యాపారం తమిళం, సంతకం ఇంగ్లీషు. తెలుగు ఇంటి నాలుగు గోడల మధ్య మాత్రమే. అది బయట ఎక్కడైనా వినబడితే చాలు, ఎదుటివాడు దొంగో దొరో తేలకముందే చుట్టమైపోతాడు.

“అవునండి. కోయంబత్తూరు గణపతిలో ఉండేది. మోటార్ రివైండింగ్ వర్క్స్,” అన్నాడు రత్నసభాపతి.

“ఇంటిపేరు?”

“బొల్లావాళ్ళము.”

“అట్ల చెప్పు! చిన్నమనూరులో మా చిన్నాయన ఇంటికి బొల్లావాళ్ళ ఆడబిడ్డనే కోడలుగా తెచ్చుకుంటిమి. రాజమ్మాళ్.”

“మా అత్త గదండీ! నాయనకు సొంత అక్క!”

“అయితే నువ్వు నాకు అల్లుడివిరా!”

ఇంటిపేర్లు కలిశాక వరస దానంతట అదే నోటికొస్తుంది. రత్నసభాపతి అప్పటికే “మామా” అనేశాడు. ఆయనెందుకు వచ్చాడో అప్పుడు గాని తెలియలేదు. ఆ రోజు టెండర్లకు మార్కులు వేసే ముగ్గురిలో బయటి నిపుణుడు ఈ మామే.

రత్నసభాపతికి యాభై నాలుగేళ్ళు. కాలిన మోటారు విప్పి, కొత్త రాగి తీగ చుట్టి, మళ్ళీ తిరిగేలా చేయడం అతని పని. పళని దగ్గరున్న ఆ మునిసిపాలిటీ తాగునీటి పంపులను పదేళ్ళకు పైగా చూసుకుంటున్నది అతనే. అంతకాలం చిన్న చిన్న కొటేషన్లతో నడిచింది. ఈసారి అన్నిటినీ కలిపి మూడేళ్ళకు ఒకే కాంట్రాక్టు అన్నారు. తక్కువ ధర ఒక్కటే చాలదు, అర్హతకూ మార్కులుంటాయి అన్నారు. వర్క్‌షాపుకొచ్చే ఆదాయంలో సగం పైగా ఆ పంపులదే. అది పోతే నలుగురు పనివాళ్ళలో ఇద్దరిని పంపేయాలి. అందుకే భార్య తేన్మొళి తన గొలుసు కుదువ పెట్టించి మరీ టెండరు డిపాజిట్టు కట్టించింది.

పోటీకి వచ్చింది ఒక చెన్నై కంపెనీ. ఇద్దరు కుర్రాళ్ళు కోట్లు తొడుక్కుని, తెర మీద రంగురంగుల బొమ్మలు తిప్పారు. ఒక్క బొమ్మలోనూ పంపు లేదు.

రత్నసభాపతి వంతు వచ్చింది. రంగనాథన్ గంభీరంగా తమిళంలో అడిగాడు: రాత్రిపూట మోటారు కాలిపోతే ఎంతసేపట్లో మనిషి వస్తాడు?

“రెండు గంటల్లో వొస్తాము మామా,” అన్నాడు రత్నసభాపతి, తెలుగులో.

చెన్నై కుర్రాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. కమిషనర్ గొంతు సవరించుకున్నాడు. రంగనాథన్ మాత్రం ఆ పిలుపు ఎవరినో అన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

వారం తర్వాత మార్కులు వెబ్‌సైటులో పెట్టారు. ముప్పైకి గాను కమిషనర్ ఇరవై ఆరు, ఇంజనీరు ఇరవై ఐదు వేశారు. మామ వేసింది తొమ్మిది. చెన్నై కంపెనీకి అదే మామ ఇరవై తొమ్మిది. ధర రత్నసభాపతిదే తక్కువ. అయినా మొత్తం మీద ఒకటిన్నర మార్కు తేడాతో కాంట్రాక్టు పోయింది.

“మామంట మామ!” అంది తేన్మొళి. “పగోడైనా పాస్ మార్కు వేసి ఉండును. పొయి అడుగు ఆ పెద్దమనిషిని.”

“ఏమని అడిగేది?”

“నన్ను ఎట్ల అడుగుతావు? వరస కలుపుకునేటప్పుడు నన్ను అడిగితివా?”

వెళ్ళి అడిగాడు. రంగనాథన్ కాఫీ ఇప్పించి, భుజం తట్టాడు. “అల్లుడూ, అందరి ముందర మామా అని పిలిస్తివి. నేను ఎక్కువ వేస్తే లోకం ఏమంటుంది? నీకు చెడ్డపేరు రాకూడదని తగ్గిస్తిని. కోపం పెట్టుకోవద్దు.”

“మరి వాళ్ళకు ఇరవై తొమ్మిది?”

“వాళ్ళు మనవాళ్ళు కాదు గదా. వాళ్ళకు వేస్తే ఎవరూ వేలు చూపించరు.”

నిజాయితీ అనే మాటను ఇంత చవగ్గా వాడినవాళ్ళు అరుదు. పరాయివాడికి పంచిపెట్టడం, సొంతవాడిని ముంచడం, రెండూ న్యాయమే. పైగా ముంచినందుకు మునిగినవాడే మొక్కాలి.

రత్నసభాపతి పక్షపాతమని మునిసిపాలిటీకి ఫిర్యాదు చేశాడు. జవాబు అంతకంటే ముచ్చటగా ఉంది: ఫిర్యాదుదారు తన బంధువని తెలిసి కూడా సదరు నిపుణుడు తక్కువ మార్కులు వేశారు, కాబట్టి ఆయన నిష్పాక్షికత రుజువైనది. ముగ్గురు సంతకం చేసిన కాగితానికి మెదడు ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

తర్వాతి నెలలో కులసంఘం వార్షికోత్సవం. ఏటేటా ముఖ్య అతిథి రంగనాథనే. మన భాష, మన రక్తం, ఒకరికొకరం అండ అంటూ మైకులో గంటసేపు వాయించాడు, సగం తమిళంలో. అదే రోజు సంఘం మండపానికి కొత్త జనరేటరు ప్రారంభం. దాని మీద దాతగా చెక్కి ఉన్న పేరు ఆ చెన్నై కంపెనీది. చప్పట్లు కొట్టిన మూడు వందల మందిలో ఒక్కడూ ఎందుకిచ్చారని అడగలేదు. భోజనం బాగుంది మరి.

తేన్మొళి ఆ పేరు చదివింది, మొగుడి వైపు చూసింది.

చేతులు కడుక్కునే చోట రంగనాథన్ ఎదురయ్యాడు. చుట్టూ పదిమంది ఉన్నారు కాబట్టి గొంతు పెంచాడు. “ఏమి అల్లుడూ, బాగుండావా? కోపం తగ్గిందా?”

రత్నసభాపతి తుండుతో చేతులు తుడుచుకున్నాడు. ఆఫీసులో గుమాస్తాతో మాట్లాడినట్టు, శుద్ధ తమిళంలో, “సొల్లుంగ సార్,” అన్నాడు. చెప్పండి సార్.

“అదేమిరా, తమిళంలో?”

“మీరెవరో నాకు తెలియదు సార్,” అన్నాడు రత్నసభాపతి, అదీ తమిళంలోనే.

పదిమందిలో ఎవరో కిసుక్కున నవ్వారు. రంగనాథన్ మళ్ళీ బయటికి చూడబోయాడు గాని అక్కడ కిటికీ లేదు, ఎంగిలాకుల డబ్బా ఉంది.

ఇప్పుడు వర్క్‌షాపులో ఇద్దరే పనివాళ్ళు. చెన్నై కంపెనీ కాలిన మోటార్లను వ్యానులో గణపతికే పంపిస్తోంది, పక్క వీధి షాపుకు. రత్నసభాపతి తీసుకోనన్నాడు.

టెండరు ఓడినవాళ్ళకు ముప్పై రోజుల్లో డిపాజిట్టు తిరిగి ఇవ్వాలి. పద్నాలుగు నెలలైంది. మునిసిపాలిటీ నుంచి లక్షా ఎనభై వేలు ఇంకా రావాలి.